ఎగుమతి ఒక్కటే కాదు, దిగుమతి కూడా
ఆధునిక ఇంటి నమూనా యూరప్‌లో పుట్టి మిగతా దేశాలకు ఎగుమతి అయిందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. అక్కడే నాకు పేచీ. బంగ్లా అన్న మాటే చూడండి. బెంగాల్ పల్లెల్లోని ఇంటిని ఇంగ్లీషువాళ్లు తమకు తగ్గట్టు మార్చుకుని, చుట్టూ వసారాలు దింపి, 19వ శతాబ్దంలో తమ దేశానికి పట్టుకెళ్లారు. అదే అమెరికా చేరి 20వ శతాబ్దం మొదట్లో మామూలు ఉద్యోగుల ఇల్లయి కూర్చుంది. ఇక జపాన్ సంగతి. 1933లో అక్కడికి వెళ్లిన జర్మన్ ఆర్కిటెక్ట్ బ్రూనో టౌట్, క్యోటోలోని కత్సురా భవనం చూసి తనలాంటి ఆధునిక ఆర్కిటెక్టులు వెతుకుతున్న సాదాతనం ఇదేనన్నట్టు మురిసిపోయాడు. కత్సురా 17వ శతాబ్దం నాటిది! అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఆలోచన ఎటు నుంచి వచ్చినా ఆ ఊరి ఎండని అడిగి రావాలి. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో 1936లో గీసిన విద్యాశాఖ భవనానికి యూరప్ ఆర్కిటెక్ట్ లె కార్బూజియే సలహాదారు. దక్షిణం వైపు నిలువెల్లా అద్దాలు పెట్టారు కానీ, ఉత్తరం వైపు మాత్రం తిప్పుకునే అడ్డపలకలు బిగించారు. భూమధ్యరేఖకు అంత దిగువన ఎండ ఉత్తరం నుంచి కొడుతుంది మరి. మేం అద్దెకున్న ఫ్లాట్ కట్టినవాళ్లకి ఆ ఇంగితం కూడా లేదు. పడమటి గోడంతా అద్దమే. మధ్యాహ్నం 3 అయ్యేసరికి కిటికీ గట్టు మీద చెయ్యి పెట్టలేం. మందపాటి తెరలు దింపి, పట్టపగలు లైటు వేసుకుని కూర్చుంటాం. బ్రోచర్‌లో దాన్నే ‘విశాల దృశ్యం’ అన్నారు.