రెంటచింతలలో శవం చల్లారదు

మన డిటెక్టివ్ నవలల్లో ఇన్‌స్పెక్టర్ గదిలోకి రాగానే చేసే మొదటి పని టోపీ తీసి చంకలో పెట్టుకోవడం. రెండోది, చెయ్యి వెనక్కి తిప్పి శవం నుదుటికి ఆనించడం, జ్వరమొచ్చిన పిల్లాణ్ణి తల్లి చూసుకున్నట్టు. మూడోది, "ఒళ్ళింకా వెచ్చగానే ఉంది. హత్య జరిగి అరగంట కూడా కాలేదు" అని సెలవివ్వడం. అరగంట క్రితం కాఫీ తెచ్చిన వంటమనిషి కొంగు నోట్లో కుక్కుకుంటుంది. అధ్యాయం సమాప్తం.

ఈ విద్య చలిదేశాల పుస్తకాల్లోంచి దిగింది. శవం గంటకి సుమారు ఒకటిన్నర ఫారన్‌హీట్ డిగ్రీలు చల్లబడుతుందని అక్కడ ఒక ముతక లెక్క ఉంది. చుట్టూ గాలి చల్లగా ఉంటేనే వేడి వస్తువు చల్లారుతుందన్న సంగతి పొయ్యి మీంచి పాలు దించిన వాళ్ళందరికీ తెలుసు. హత్యలు రాసేవాళ్ళు పాలు కాచరు కాబోలు.

కాబట్టి అందరూ ఒకసారి పల్నాడు జిల్లా రెంటచింతలకి రావాలి. మే నెల, మధ్యాహ్నం 2 గంటలు, ఎండ 45 డిగ్రీలు. కరెంటు లేదు. రేకుల కప్పు కింద మిర్చి గోడౌన్లో మోతుబరి గారు చచ్చిపడి ఉన్నారు. సాయంత్రం 6కి ఎస్సై వచ్చి తుమ్మి, నుదుటి మీద చెయ్యి పెడతాడు. వెచ్చగా ఉంది. అంటే అయిదున్నరకి చంపారు. ఆ టైముకి గేటు దగ్గరున్న వాచ్‌మన్‌ని లోపలేస్తారు. రాత్రి 9కి సీఐ గారు వస్తారు. వెచ్చగానే ఉంది. ఎనిమిదిన్నరకి వాచ్‌మన్ లాకప్పులో ఉన్నాడు కనుక పాపం నిర్దోషి, గుమస్తాని పట్టుకోండి. తెల్లారి డీఎస్పీ గారొస్తారు. ఇంకా వెచ్చనే. ఇప్పుడు గుమస్తా కూడా నిర్దోషి. మూడోనాటికి పురుగు పడుతుంది. గుంపుగా చేరిన పురుగులు తమ వేడి తామే పుట్టిస్తాయి కాబట్టి శవం మునుపటికన్నా కాలుతూ ఉంటుంది. ఎస్పీ గారికి ఇక అనుమానమే లేదు, ఇప్పుడే పొడిచి గోడ దూకాడు. మోతుబరి గారిని అరగంటకోసారి చంపుతూనే ఉన్నారు, ఊళ్ళో అరెస్టు చేయడానికి మనుషులు అయిపోతున్నారు.

కష్టపడి పరిశోధన చేసే రచయిత ఒకాయన థర్మామీటరు తెప్పిస్తాడనుకుందాం. ఇంట్లో ఉండే జ్వరం థర్మామీటరు 35 నుంచి 42 డిగ్రీల దాకానే చూపిస్తుంది, పనికిరాదు. ల్యాబులో వాడే 0 నుంచి 50 డిగ్రీలది కావాలి. పెట్టాల్సింది చంకలో కాదు, మలద్వారంలో, దాదాపు 10 సెంటీమీటర్ల లోపలికి. హీరో చేత ఈ పని చేయించే ధైర్యం తెలుగులో ఇంకా పుట్టలేదు. సరే, పెట్టించాడు. గోడౌన్ వేడికి 40 సెల్సియస్, అంటే 104 ఫారన్‌హీట్ వచ్చింది. మామూలు ఒంటి వేడి 98.4 లోంచి తీసేసి ఒకటిన్నరతో భాగిస్తే మైనస్ 3.73 గంటలు. అంటే మోతుబరి గారిని ఇంకో 3 గంటల 44 నిమిషాలకి చంపబోతున్నారు. నేరం జరగకముందే పోలీసులు వచ్చిన కథ మన సాహిత్యంలో ఇదొక్కటే.

నిజానికి ఆ గోడౌన్లోనే అంతా రాసి ఉంది, చదివేవాడుంటే. బిగుసుకుపోవడం కనురెప్పల్లో, దవడలో మొదలై మెడకి, కాళ్ళూచేతులకి పాకుతుంది. మన ఎండల్లో ఒక్కరోజులోనే సడలిపోవచ్చు కూడా. కుడి పక్క పొత్తికడుపు మీద ఆకుపచ్చ మచ్చ వేసవిలో 12 నుంచి 18 గంటల్లో తేలుతుంది. గుండె ఆగాక నెత్తురు అడుగుకి దిగి ఊదారంగు చారికలు కడుతుంది. కొన్ని గంటలు గడిస్తే ఆ చారికలు ఇక చెదరవు. వీపు మీద చారికలున్న మనిషి బోర్లా పడి ఉంటే ఎవరో తర్వాత వచ్చి తిప్పారనే అర్థం. కథ రాసేవాడికి ఇంతకన్నా వరం ఏముంటుంది? మనవాడు మాత్రం యాష్‌ట్రేలో లిప్‌స్టిక్ అంటిన సిగరెట్ పీక వెతుక్కుంటాడు. దొరికాక దాన్ని జేబురుమాలుతో పట్టుకుంటాడు, వేలిముద్ర ఉంటే శుభ్రంగా తుడిచిపెట్టడానికి.

విషం సంగతి మరీ ఘోరం. పెదాలు వాసన చూసి "చేదు బాదం! సయనైడ్!" అంటాడు. మనం తినేది తీపి బాదం. చేదు బాదం వాసన ఈ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడు చూశాడు? పైగా సయనైడ్ వాసన పసిగట్టే ముక్కు అందరికీ ఉండదు, అది పుట్టుకతో వచ్చే తేడా.

తర్వాత డాక్టరు గారు విస్రా, అంటే పరీక్షకి పంపే లోపలి అవయవాలు, తీసి ఫార్మలిన్‌లో వేస్తారు. వేశారంటే విషం బయటపడ్డట్టే! ఫార్మలిన్ కండని గట్టిపరుస్తుంది, అందులోంచి విషాన్ని రాబట్టడం ల్యాబు వాళ్ళకి చుక్కలు చూపిస్తుంది. మామూలుగా వాడేది ఉప్పు. ఇక కరగనని అడుగున పేరుకునేదాకా ఉప్పు కలిపిన నీళ్ళు. జీర్ణాశయం, అందులో ఉన్నదీ, ఒక అడుగు చిన్నపేగూ ఒక సీసాలో. కాలేయం ముక్కా, రెండు కిడ్నీల్లో చెరో సగమూ ఇంకో సీసాలో. ఆ ఉప్పునీళ్ళే కాసిని నమూనాగా వేరే సీసాలో. మూతదాకా నింపకూడదు, గ్యాసు పుట్టి పొంగుతుంది గనక మూడింట రెండు వంతులే. ఆవకాయ జాడీ పైన కాస్త ఖాళీ వదిలే ఇల్లాలికి ఇదంతా ఒక్కసారి చెబితే చాలు. నెత్తుటి బట్టలు మాత్రం పాలిథీన్ కవర్లో కుక్కకండి, బూజు పడుతుంది. నీడలో ఆరబెట్టి కాగితంలో చుట్టాలి.

అర్ధరాత్రి పోస్ట్‌మార్టం కూడా మనకి ప్రీతి. సౌకర్యాలున్న ఆస్పత్రుల్లో సూర్యాస్తమయం తర్వాతా చేయొచ్చని కేంద్రం 2021 నవంబరులో సడలించింది, నిజమే. శాంతిభద్రతల సమస్య వస్తే తప్ప హత్య కేసులకి అది వర్తించదని అదే ఉత్తర్వులో ఉంది. హత్యకి పెట్టే పాత 302 సెక్షన్ కూడా 2024 జూలై 1 నుంచి జరిగిన హత్యలకి లేదు, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 103 అని రాసుకోండి.

ఉప్పు తప్పితే కథ చప్పబడుతుంది, అంతే. కానీ పదమూడో అధ్యాయంలో డాక్టరు గొంతు తగ్గించి "ఈ అమ్మాయి కన్య కాదు సార్" అంటాడే, దాన్ని పొరపాటు అనను. నీచం అంటాను. కన్యత్వం తేలుస్తామంటూ చేసే ఆ రెండు వేళ్ళ పరీక్షకి శాస్త్రం లేదు. అది మనిషి గౌరవాన్ని హరిస్తుందని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2022 అక్టోబరు 31న మళ్ళీ చెప్పింది, చేసినవాళ్ళు దుష్ప్రవర్తనకి దోషులవుతారని, వైద్యవిద్య పాఠాల్లోంచి తీసేయాలని. అత్యాచారం నుంచి బతికి బయటపడ్డ ఆడదానికే చేయకూడదన్న పనిని మీరు చచ్చిపోయిన పిల్లకి చేయించి, హీరో చేత "అయితే మనం అనుకున్నంత అమాయకురాలు కాదన్నమాట" అనిపిస్తారా? చంపినవాడి గురించి కదా నవల? ఆమె ఎవరితో తిరిగితే వాడికేం, మీకేం? ఆమె లేచి మాట్లాడదు కాబట్టేగా ఇంత నోరు?

రెండో ముద్రణకి అట్ట మారుతుంది, ధర మారుతుంది, మోతుబరి గారి కారు మోడల్ కూడా మారుతుంది. ఆ పేరా ఒక్కటే కామా కదలకుండా ఉంటుంది.