మా ఇంటి గనికి లైసెన్సు ఇప్పించగలరు

గనుల శాఖ వారికి విన్నపం అనుకోండి, పన్ను ఎగవేసినవాడి ఒప్పుకోలు అనుకోండి. నాలుగేళ్లుగా నేను లైసెన్సు లేకుండా సున్నపురాయి తీస్తున్నాను. గని ఉన్నది హైదరాబాదు శివారులో, నిజాంపేట వైపు, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులోని స్నానాల గదిలో.

మొదట్లో నీళ్లనుకున్నాం.

ఫ్లాటు అమ్మేటప్పుడు బిల్డరు రెండు బోర్లు చూపించి, ఇరవై నాలుగు గంటలూ నీళ్లకు లోటుండదన్నాడు. పాపం, అబద్ధమాడలేదు. ఈ ఊరి కింద ఉన్నదంతా నల్లరాయి. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడి కిందికి దిగుతుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి తిష్ఠ వేసి కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కరిగించుకుంటుంది. తొమ్మిది వందల అడుగుల లోతు నుంచి దాన్ని మోటారు పైకి లాగుతుంది. అంటే మా కొళాయిలో వచ్చేది కరిగిన కొండ. జనం దీన్ని ఉప్పు నీళ్లంటారు. నాలుక మీద వేసుకుంటే ఉప్పుండదు, అదో రకం చప్పదనం ఉంటుంది.

లెక్కకు వద్దాం. తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణం రాసి పెట్టింది, దాని నంబరు 10500. కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన ఆ రాయి మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించకూడదంటుంది. వేరే నీటి దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చంటుంది. మేము దిక్కులేని వర్గంలోకి వస్తాం. మా బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే సరిగ్గా ఆ 600 దగ్గరే తేలింది. ఒక్క మిల్లీగ్రాము ఎక్కువున్నా ఫిర్యాదు చేసుకునేవాళ్లం. నలుగురున్న ఇంట్లో రోజుకు 500 లీటర్లు వాడతామనుకుంటే, 300 గ్రాముల రాయి. ఏడాదికి 109 కిలోలు. క్వింటాలుకు పైబడిన ఖనిజం, కూలీ లేకుండా, లిఫ్టు ఎక్కకుండా మూడో అంతస్తుకు చేరుతోంది. దీనిమీద ప్రభుత్వానికి సీనరేజి, అంటే ఖనిజం తీసినందుకు ఇవ్వాల్సిన రుసుము, కట్టకపోవడం న్యాయం కాదని నా మనస్సాక్షి పోరుతోంది. అందులో చాలామటుకు కాల్వలోకి పోతుందన్నది నిజమే. మిగిలినదే మా ఆస్తి.

ఆ ఆస్తి ఎక్కడెక్కడ ఉందో చెబుతాను. షవర్‌కు అరవై రంధ్రాలుంటే ఇప్పుడు ఏడు పనిచేస్తున్నాయి. ఆ ఏడింటికీ ఏకాభిప్రాయం లేదు. ఒకటి సబ్బుపెట్టెకు స్నానం చేయిస్తుంది, రెండు వెంటిలేటరును కడుగుతాయి, ఒకటి సూటిగా కంట్లో కొడుతుంది. మిగతా మూడూ కలిసి పోస్తే ఎడమ భుజం తడుస్తుంది. కుడి భుజం కావాలంటే గోడకు మొహం పెట్టి నిలబడాలి. సబ్బు నురగ ఇవ్వదు. కాల్షియంతో చేయి కలిపి తెల్లటి జిడ్డుగా మారి బకెట్టు అంచున వలయాలు కడుతుంది. చెట్టు మొద్దులో వలయాలు లెక్కించి వయసు చెప్పినట్టు, మా బకెట్టు చూసి అది ఎప్పుడు కొన్నదో చెప్పవచ్చు. జుట్టు రాలడానికి ఈ నీళ్లే కారణమని మా అపార్టుమెంటు మగవాళ్లందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. తండ్రుల ఫొటోలు చూపించమని ఎవరూ అడగలేదు.

వేసవిలో మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చారు. జీవితమంతా గోదావరి నీళ్లతో వండిన మనిషి. వచ్చిన రోజే కందిపప్పు కుక్కర్లో పెట్టారు. అయిదు విజిళ్లయ్యాక మూత తీస్తే ఏ గింజకు ఆ గింజ నిటారుగా ఉంది. ఇంకో నాలుగు విజిళ్లు వేయించారు. పప్పుగుత్తి పెడితే టకటకమని చప్పుడైంది.

"బాబూ, కొట్టువాడు మిమ్మల్ని మోసం చేశాడు. ఇది పాత పప్పు" అన్నారు.

కొట్టువాడి తప్పు లేదనీ, గింజను మెత్తబడకుండా కాల్షియం బిగించి పట్టుకుంటుందనీ చెప్పాను. ఆవిడ నన్ను అల్లుడిని చూసినట్టు కాక, కొట్టువాడి తరఫు వకీలును చూసినట్టు చూశారు. మర్నాడు కుళాయి నీళ్లు మానేసి, తాగడానికి తెప్పించుకునే క్యాను నీళ్లు పోశారు. మూడు విజిళ్లకే పప్పు వెన్నలా ఉడికింది. అప్పటి నుంచి మా ఇంట్లో పప్పు మనుషులతో సమానంగా క్యాను నీళ్లే తాగుతోంది.

గని అసలు నిక్షేపం గీజరులో బయటపడింది. వేడి చేసేకొద్దీ ఈ నీళ్లలోని కాల్షియం విడిపోయి రాయిగా కూర్చుంటుంది, అందుకే గీజరులో అంత నిక్షేపం. మెకానిక్కు మూత విప్పి, స్క్రూడ్రైవరు వెనకతో కాయిల్ మీద నాలుగు దెబ్బలు వేశాడు. తెల్లటి పెచ్చులు దబదబా బకెట్లో రాలాయి. అరచేయంత పెచ్చు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"కరెంటు ముందు దీన్ని కాచి, తర్వాత నీళ్లు కాస్తోంది సార్. మూడు వందలు నా కూలి. రాయి మీదే."

ఖనిజం మీద నా హక్కును మొదట గుర్తించిన అధికారి అతనే.

అసోసియేషన్ మాత్రం ఒప్పుకోలేదు. బోరు ఉమ్మడిది కాబట్టి రాయి కూడా ఉమ్మడిదేనని కోశాధికారి వాదం. చివరికి నీళ్లను మెత్తబరిచే యంత్రం కొనాలని తీర్మానించారు. అది కాల్షియాన్ని పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. పట్టు సడలితే బస్తాల కొద్దీ ఉప్పు కలిపిన నీళ్లతో దాన్ని కడగాలి. ఉప్పు నీళ్ల బెడద పోగొట్టడానికి ఉప్పు కొనడం నాకు నచ్చింది. కడిగిన ఆ నీళ్లు ఏ చెరువులో తేలతాయన్నది మాత్రం ఎజెండాలో లేదు.

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదిలిపోడని పాతవాళ్ల మాట. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక కట్టిన చెరువది, 1920కి పూర్తయింది. వాన నీరు, మెత్తటి నీరు. మోహం కొద్దీ ఉండిపోయారంటే నమ్ముతాను. బోరు నీళ్లవాళ్లమూ వదలడం లేదు. కదలాలంటే బరువుగా ఉంది.

ఇక బొర్రా గుహలు. సున్నపు నీరు బొట్టు బొట్టుగా జారి శివలింగమంత రాయి కావడానికి అక్కడ వేల ఏళ్లు పట్టింది. మా వంటింటి కొళాయి మూతికి ఏడాదిన్నరలో బొటనవేలంత దిగింది. ఈ వేగాన్ని పర్యాటక శాఖ కూడా గమనించాలి.

మొన్న రాత్రి ఆ మిగిలిన ఏడు రంధ్రాలనైనా కాపాడుకుందామని ఒక ప్లాస్టిక్ కవరులో వెనిగరు పోసి, షవర్ తల దాంట్లో మునిగేలా రబ్బరు బ్యాండు వేసి కట్టాను. పులుపుకు రాయి కరుగుతుంది. తెల్లవారి వెళ్లి చూస్తే కవరుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. కింద సబ్బుపెట్టెలో రెండు మందారాలు.

కవరు విప్పే ధైర్యం లేక చెంబుతో పోసుకుని వచ్చాను.