ధర అనే సూక్ష్మపోషకం

పోషకాహార శాస్త్రం విటమిన్లని లెక్కపెట్టింది, ఖనిజాలని తూచింది, ఆఖరికి పీచుని కూడా వదల్లేదు. కానీ విశాఖపట్నం వంటిళ్ళలో అన్నిటికంటే తొందరగా ఒంటబట్టే పోషకం ఒకటి ఇంతవరకూ ఏ పట్టికలోకీ ఎక్కలేదు. దాని పేరు ధర. తగు మోతాదులో పడితే ఏ సరుకైనా బలమే. లోపిస్తే మాత్రం అమృతం పోసినా అనుమానమే.

మొదటి రుజువు రేషన్ బియ్యం. 2024 కల్లా పథకాల కింద ఇచ్చే బియ్యమంతా ఫోర్టిఫైడ్, అంటే పోషకాలు కలిపిన, బియ్యమే కావాలని 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి ప్రకటించారు. అందులో మాయేమీ లేదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి, తడిపి ముద్ద చేసి, జంతికల గొట్టం లాంటి యంత్రంలోంచి బియ్యపు గింజ ఆకారంలో ఒత్తి, కోసి, ఆరబెడతారు. మామూలు గింజలు వందకి ఈ గింజ ఒకటి. కలిపాక కిలో బియ్యంలో ఐరన్ 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు, బి12 అయితే 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలి. దీనికయ్యే అదనపు ఖర్చు కిలోకి రూపాయి కూడా కాదు. తప్పంతా అక్కడే జరిగింది.

ఆ బియ్యం కంచరపాలెంలో ఓ ఇంటికి చేరుతుంది. చాటలో పోసి చెరుగుతుంటే, మిగతా వాటికంటే కాస్త పసుపుగా, మొద్దుగా ఉన్న గింజ కంటబడుతుంది. నీళ్ళు పోస్తే పైకి తేలుతుంది. ఇంకేముంది, ప్లాస్టిక్ బియ్యం! వేళ్ళతో నలిపి చూస్తే పిండే రాలుతుంది, ఉడికాక నొక్కితే మెత్తగా అణుగుతుంది, ప్లాస్టిక్ ఆ రెండూ చేయదు. అయినా అంత ఓపిక గింజ ఏరడానికే సరిపోతుంది. వందకి ఒకటి చొప్పున కలపడానికి మిల్లుకి ప్రత్యేక యంత్రం కావాలి గానీ ఏరేయడానికి ఒక చాట, ఒక మధ్యాహ్నం చాలు. ఆ శ్రమ తర్వాత రక్తం తక్కువగా ఉందని మెడికల్ షాపులో ఐరన్ టానిక్ కొంటారు. దాని మీద ధర ఉంటుంది కాబట్టి అది పనిచేస్తుంది. (తలసీమియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులు ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు నిజంగానే డాక్టర్ని అడగాలి. విచిత్రమేమిటంటే అడగాల్సిన వాళ్ళకంటే అక్కర్లేని వాళ్ళకే అనుమానం ఎక్కువ.)

అదే గింజని జిప్ సంచిలో పోసి, మీద అరకు కొండల బొమ్మ వేసి, సిరిపురంలో ఏసీ షాపు అరలో పెట్టి చూడండి. నీళ్ళలో తేలడం అప్పుడు దాని ప్రత్యేక లక్షణం అవుతుంది.

జనం పోషకాలకి ఎక్కువ ఇస్తారా ఇవ్వరా అన్నది తేల్చడానికి సర్వే వాళ్ళు ఎంవీపీ కాలనీ రైతుబజారుకి వెళ్తే చాలు, ఫలితం ఎప్పుడూ ఘనంగానే వస్తుంది. "ఐరన్ ఉన్న బియ్యానికి కిలోకి పది రూపాయలు ఎక్కువిస్తారా?" "ఎందుకివ్వం బాబూ, ఆరోగ్యం కంటే ఎక్కువేటి?" ఆ మాట అన్న మనిషే మూడు అడుగులు వేసి కరివేపాకు ఊరికే ఇవ్వలేదని పోట్లాడుతుంది. మాటకి ఖర్చు లేదు కదా, పది కాకపోతే ఇరవై అయినా ఇస్తామంటారు.

అందుకే తెలిసినవాళ్ళు అడగరు, నిజంగా అమ్ముతారు. బెకర్, డిగ్రూట్, మార్షాక్ అనే ముగ్గురు పరిశోధకులు 1964లో చెప్పిన పద్ధతి ఇది. ఎంతవరకు ఇవ్వగలరో కాగితం మీద రాయాలి. తర్వాత చీటీ తీస్తారు. చీటీలో ధర మీరు రాసినదానికంటే ఎక్కువైతే సరుకు రాదు. తక్కువైతే చీటీ ధరకే వస్తుంది, కొని తీరాలి. ఇందులో అబద్ధం రాస్తే నష్టం రాసినవాళ్ళకే. మన దగ్గర చిక్కు ఎక్కడంటే, కాగితం ఇవ్వగానే బేరం మొదలైందనుకుంటారు. మనసులో 15 ఉన్నా 8 రాస్తారు. చీటీలో 12 వస్తుంది. "సర్లే, పన్నెండూ తీసుకో" అంటారు. ఇవ్వకూడదు. ఒక్కరికి ఇచ్చారా, ఆ ప్రయోగం బేరాలకి పేరుపడ్డ పూర్ణా మార్కెట్టే. అందుకే ముందు చాక్లెట్‌తో ఓ ఉత్తుత్తి ఆట ఆడించాలి. ప్రయోగానికి వచ్చినందుకు డబ్బు అక్కడికక్కడే చేతిలో పెడితే మాత్రం అది ఊరికే వచ్చిన సొమ్మని ధారాళంగా రాసేస్తారు, లెక్క మళ్ళీ చెడుతుంది.

మామిడిపండుని వాసన చూసి కొంటాం, పుచ్చకాయని కోశాక తిట్టుకుంటాం. ఐరన్ ఉందో లేదో తిన్నాక కూడా తెలీదు. ఇక నమ్మడానికి మిగిలింది ధర చీటీ ఒక్కటే.

గోధుమరంగు గుడ్డు సంగతే చూడండి. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, బలాన్ని బట్టి కాదు. పచ్చసొన ముదురు నారింజ రంగుకి తిరిగితే అది మేతలో రంగు చలవ. అవిసెలు తినిపించిన కోడి గుడ్డులో ఒమేగా-3 పెరగడం నిజమే. అయితే అది ఎంతో పెట్టె మీద అంకెల్లో ఉండాలి, కోడి నవ్వుతున్న బొమ్మలో కాదు.

పాల కథ ఇంకా సొగసు. వెన్న తీస్తే దాంతోపాటు ఎ, డి విటమిన్లూ పోతాయి. వాటిని తిరిగి కలిపి, పోషకాలు కలిపామని చెప్పే నీలం ప్లస్ ఎఫ్ ముద్ర వేస్తారు. మంచి పనే. కానీ పోయింది తిరిగొస్తే అదనంగా వచ్చిందనుకుని మురిసిపోవడం మనకి మాత్రమే చేతనవును.

చోళ్ళ (అంటే రాగుల) దగ్గరకొస్తే ఏడుపే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టిక ప్రకారం వంద గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియం. పాడేరు వైపు నుంచి దిగిన చోడిపిండిని కిలోకి ఐదు తగ్గించమని గీచిగీచి బేరం ఆడతాం. అదే పిండికి పంచదార, కోకో చేర్చి డబ్బాలో పోసి రాగి మాల్ట్ అంటే అడిగినంతా ఇస్తాం. డబ్బా మీద గొప్పలన్నీ వంద గ్రాముల లెక్క. పిల్లాడికి వేసేది రెండు చెంచాలు, మహా అయితే ఇరవై గ్రాములు. పెరటి చెట్టు మందుకి రాదన్నారు పెద్దలు. దాని ఆకునే ఎండబెట్టి, పొడి కొట్టి, మొరింగా అని పేరు పెడితే వస్తుందని మునగచెట్టు రుజువు చేసింది.

కాబట్టి ప్రభుత్వానికి మా సవినయ సూచన. ఆ గింజల్ని బియ్యంలో ఊరికే కలపొద్దు. కిలో బియ్యానికి పట్టేది పది గ్రాములే కాబట్టి, పది గ్రాముల బంగారు రంగు పొట్లం కట్టండి. ధర 99 రూపాయలు, కార్డుకి ఒక్కటే, స్టాకు పరిమితం. తెల్లారకముందే డిపో దగ్గర క్యూ కడతారు. పొట్లం మీద సూచనలు మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలి: బియ్యం ముందే చెరిగి, రాళ్ళు ఏరుకున్నాక ఇవి కలుపుకోవలెను. కలిపిన తర్వాత చాట ముట్టరాదు.