"అంత మనసుల్నే ఉందట" అనే ఫార్వర్డ్ మీద నా లొల్లి

పోయిన ఐతారం ఊరికి పోయి ఇంకా కాళ్లు గూడ కడుక్కోలె, మా తమ్ముడు ఫ్యామిలీ గ్రూపుల వచ్చిన ఒక ఫార్వర్డ్ అవ్వకు సదివి వినిపిస్తుండు. "మూడు నెలలు దాటిన నొప్పి ఒంట్లో ఉండదు, మనసులో ఉంటుంది. స్కాన్ నార్మల్ వస్తే నొప్పి లేనట్టే. డాక్టర్ డిప్రెషన్ గోళీ రాస్తే పడేయండి. పాజిటివ్‌గా ఆలోచిస్తే 21 రోజుల్లో మాయం." సదివి నవ్వుకుంట "ఇన్నవా అవ్వా, అంత నీ మనసుల్నే ఉందట" అన్నడు. నాలుగేండ్ల సంది నడుము నొప్పితోనే పత్తి ఏరుతున్న మనిషి, ఒక్క మాట అనలె. కొంగు నడుముకు ఇంకింత బిగ్గట్టుకొని బర్రెకు కుడితి పెట్ట పోయింది.

నేను హన్మకొండల ఫిజియోథెరపీ చేస్త, పదేండ్ల సంది నడుములు మోకాళ్లే నా లోకం, అందుకే ఈ ఫార్వర్డ్‌ను ఊకె ఇడిచిపెట్ట బుద్ధి కాలె.

ముందుగాల ఆ స్కాన్ సంగతి. స్కాన్‌ల కనవడేది ఎముక, డిస్కు (వెన్నుపూసల నడుమ ఉండే మెత్త), నరం ఎట్లున్నయి అన్నది, నొప్పి ఫోటోల పడదు. ఉల్టా చూస్తే ఇంక మంచిగ సమజైతది. నడుము నొప్పి అస్సలు లేనోళ్ల స్కాన్లు, 3 వేల మందికి పైగ, 33 స్టడీలల్లయి కలిపి 2015ల లెక్క తీస్తే 20 ఏండ్ల పోరగాళ్లల్లనే 37 శాతం మందికి డిస్కు అరుగుడు కనవడ్డది, 50 ఏండ్లోళ్లల్ల 80 శాతం. వాళ్లకు నొప్పి లేదు మరి! స్కాన్ ఖరాబుండి హాయిగ తిరిగెటోళ్లు ఉన్నరు, స్కాన్ మంచిగుండి మంచం దిగలేనోళ్లు ఉన్నరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న రోగాల జాబితాల మూడు నెలలు దాటి, వేరే రోగం కింద లెక్క కుదరని నొప్పికి "క్రానిక్ ప్రైమరీ పెయిన్" అని సొంత పేరే పెట్టిండ్రు. నాటకానికి ఎవలూ కోడ్ నంబర్ ఇయ్యరు గద.

ఇగ అసలు ముచ్చట, "మనసులో ఉంటుంది, ఒంట్లో ఉండదు" అన్నది. మనసు ఏమన్న ఒంటి బయట అద్దెకుంటదా? 1978ల అమెరికాల పన్ను పీకినోళ్ల మీద ఒక ప్రయోగం చేసిండ్రు. మందు లేని ఉత్త సూది ఇస్తే కొందరికి నొప్పి తగ్గింది, నమ్మకమే పని చేసింది అనుకుందాం. తర్వాత అదే మనుషులకు నాలోక్సోన్ అని, మార్ఫిన్ పనిని ఆపే మందు ఎక్కిస్తే తగ్గిన నొప్పి మళ్ల లేసింది. అంటే నమ్మకం కూడ ఒంట్ల మార్ఫిన్ అసొంటి రసాయనాన్ని ఇడిపించే పని చేసిందన్నట్టు. నమ్మకానికి ఇంత రసాయనం ఉంటే భయానికి, దిగులుకు ఉండదా? నిద్ర లేకున్నా, అప్పుల పరేషాన్ ఉన్నా, మెదడు వెన్నుపాముల సౌండ్ పెంచుతది, అదే దెబ్బ పెద్దగ ఇనవడుతది. ఇందుల ఫార్వర్డ్ రాసినోడు సగం నిజం ఎత్తుకొచ్చిండు, మనసుకు పాత్ర ఉన్నది. కానీ పాత్ర ఉన్నదంటే నొప్పి అబద్ధం అని ఎక్కడ్నుంచి తెచ్చిండో.

ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే అన్న ఒకాయన వచ్చిండు నా దగ్గరికి, బస్తా లేపంగ నడుము పట్టేసి ఏడాదిన్నర అయింది, కండరం ఎప్పుడో మానింది. కింద పడ్డ చెప్పు తియ్యి అన్నా అంటే బల్ల పట్టుకున్నడు, ఊపిరి బిగవట్టిండు, వంగక ముందే నుదుటి మీద చెమట. నొప్పి ఇంక రానే లేదు, భయం ముందే వచ్చి కూసున్నది. వంగడు, వంగక కండరాలు బిగుసుకపోతయి, బలం తగ్గుతది, వంగితే ఇంకింత నొస్తది, చూసినవా వంగొద్దనే అనుకుంటడు. దీన్నే పుస్తకాలల్ల ఫియర్ అవాయిడెన్స్ అంటరు. ఆ అన్నకు "నీది మనసులనే ఉంది పో" అంటే ఏమొస్తది? మూడు వారాలు ఖాళీ సంచి, తర్వాత రెండు కిలోల సంచి, ఊపిరి వదులుకుంట లేపిచ్చినం. నాలుగో నెలల మళ్ల మార్కెట్‌కు పోయిండు, చిన్న బస్తాలే అనుకోండి.

"డిప్రెషన్ గోళీ పడేయండి" అన్నకాడ మాత్రం నాకు నిజంగ కోపమొచ్చింది. డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ అసొంటి డిప్రెషన్ గోళీలు మెదడు నుంచి వెన్నుపాముకు దిగే, నొప్పిని అణిచే దారిని బలం చేస్తయి, అందుకే నొప్పికి రాస్తరు. అమిట్రిప్టిలిన్ నొప్పికైతే రాత్రి పూట 10 మిల్లీగ్రాములతోని మొదలుపెడతరు, డిప్రెషన్‌కు ఇచ్చే డోసు దీనికి ఎన్నో రెట్లు. రాసినంత మాత్రాన పిచ్చి అని కాదు. అర్ధాంతరంగ ఆపితే వేరే తిప్పలొస్తయి, డాక్టర్‌నడగకుండ ఆపొద్దు. గమ్మత్తేందంటే ఈ గోళీకి భయపడేటోళ్లే పెయిన్ కిల్లర్లు ఏండ్ల తరబడి మింగి కిడ్నీలు ఖరాబు చేసుకుంటరు, దాని మీద ఏ ఫార్వర్డూ రాదు.

21 రోజులది ఎక్కడిదో నాకు తెల్వదు. అమెరికాల కొలరాడోల 151 మంది పాత నడుము నొప్పోళ్లను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు మనసుకు సంబంధించిన చికిత్స ఒకటి చేసి 2021ల ఫలితాలు చెప్పిండ్రు, ఆ గుంపుల 66 శాతం మందికి నొప్పి పోయినట్టే అయింది, ఉత్త సూదితోని 20 శాతం, మామూలు వైద్యంతోని 10 శాతం. మంచి ఫలితమే, కాదనను. కానీ అది నేర్చినోళ్ల దగ్గర ఎనిమిది సార్లు కూసొని చేసిన పని, నవ్వు మొకం పెట్టుకొని తిరుగుడు కాదు, పైగ వాళ్లల్ల ఎక్కువ మందిది మరీ తీవ్రమైన నొప్పి కాదు.

ఇంకోటి, ఆ ఫార్వర్డ్‌ల లేనిదే అన్నిట్ల ప్రమాదం. నడుము నొప్పితోని మూత్రం ఆగిపోవుడో ఆపుకోలేకపోవుడో అయితే, తొడల మధ్యల తిమ్మిరెక్కితే, కాలు బలం తగ్గుకుంట పోతే అదే రోజు పెద్ద దవఖానకు పోవాలె. జ్వరం, ఊకె బరువు తగ్గుడు, ఎన్కట క్యాన్సర్ అయినోళ్లకు కొత్త నొప్పి, ఇవి గూడ ఆగొద్దు, మనసు ముచ్చట తర్వాత.

ఇదంత చెప్పినంక తమ్ముడు "అయితే అవ్వకు ఇప్పుడు ఏం చెయ్యాలె" అన్నడు. పొద్దుగాల చెరువు కట్ట దాక తోలుకపోయి తోలుకరా, మొదటి వారం సగం దాకనే, నొప్పి లేకున్నా సగం దాకనే, గంటకోసారి "నొప్పి ఎట్లుందే" అని అడుగుడు బంజేయి అని చెప్పిన. పత్తి ఏరెటప్పుడు అరగంటకోసారి లేసి నిలబడమను. అవ్వ కుడితి గాబు కాడ్నుంచే "వాన్ని గూడ నడువుమను, పొట్ట పెరిగింది" అన్నది.