నాలుకగారి తీర్పులు

పరాయి దేశంలో దిగిన మనిషికి పాస్‌పోర్టు మీద ముద్ర పడీ పడగానే న్యాయమూర్తి హోదా వచ్చేస్తుంది. ఏ రాజ్యాంగంలోనూ రాసి లేకపోయినా అమలులో మాత్రం లోటు లేదు. బయటికొచ్చి చిప్స్ పొట్లం చించి, ఒక్కటి నోట్లో వేసుకుని, కనుబొమలు ముడిచి, "వీళ్లకు ఉప్పు ఎంత వెయ్యాలో తెలీదు" అని కోట్లాది జనం మీద తీర్పు చెప్పేస్తాడు. అప్పీలు లేదు. చాలా ఏళ్లుగా నేనూ ఈ పదవిలోనే ఉన్నాను కాబట్టి, మా న్యాయస్థానం పనితీరు గురించి నాలుగు మాటలు బాధ్యతగా విన్నవించుకుంటున్నాను.

మా దగ్గర విచారణ కన్నా ముందు ఫొటో ఉంటుంది. తినకముందు తీసిన ఫొటోలో ధైర్యం ఉంటుంది, తిన్నాక తీసినదాంట్లో నిజం ఉంటుంది. అందుకే రెండోది ఎవరికీ పంపం. బ్యాంకాక్ ఖావ్‌శాన్ రోడ్డు వ్యాపారులు ఈ కిటుకు ఎప్పుడో కనిపెట్టారు. పుల్లకు గుచ్చిన తేళ్లు అమ్మేవాళ్ల దగ్గర ఫొటోకు విడిగా డబ్బులివ్వాలని రాసిన అట్టముక్క కనబడుతుంది. తేలు కన్నా తేలు పక్కన మన మొహానికే గిరాకీ ఎక్కువని వాళ్ల లెక్క. ఊళ్లో వాళ్లంతా రోజూ తేళ్లే నములుతారన్నట్టు మనం ఇంటికొచ్చి చెబుతాం గానీ, ఆ వీధిలో వాటిని కొరికేది ఎక్కువగా మనలాంటి వాళ్లే. కొరికాక ఎలా ఉండాలో సామెత ఎప్పుడో చెప్పింది: తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా. కుట్టని తేలుకే ఇంత మౌనం ఎందుకంటారా? కొండి పళ్ల సందులో ఇరుక్కుంది.

ఘాటు కంపు కొట్టే డురియన్ పండు కేసులో మాకన్నా ముందే సింగపూరు కల్పించుకుంది. అక్కడి మెట్రో బోర్డు ఒక శాసనం. పొగ తాగితే 1000 డాలర్లు, తిన్నా తాగినా 500, మండే సరుకు తెస్తే 5000. ఆ వరసలోనే డురియన్ బొమ్మ మీద అడ్డగీత. దాని దగ్గర మాత్రం అంకె లేదు! ఈ ఖాళీ మీద ధర్మశాస్త్రజ్ఞులు రెండు వర్గాలుగా చీలిపోవాల్సిందే. జరిమానా లేదు కాబట్టి నేరమే కాదని ఒక వర్గం. ఆ నేరానికి సరిపడే అంకె ఇంకా దొరకలేదని రెండో వర్గం. పండు తినేవరకు నేను రెండో వర్గంలో ఉన్నాను.

తిన్నాక ఏ వర్గమో చెప్పడం కష్టం. వాసనలో గంధకపు పదార్థాల హడావుడి, నోట్లో మీగడ. ముక్కు మూసుకుని తింటే రుచి సగం పోతుంది, ముక్కు తెరిచి తింటే మనిషి సగం పోతాడు. బండి దగ్గర నాతో నిలబడ్డ పెద్దమనుషులు మాత్రం డురియన్ రకాల్లో మూసాంగ్ కింగ్ గొప్పా, డీ24 గొప్పా అని, చేదు కలిసిన తీపి మేలా, ఉత్త తీపి మేలా అని తగువులాడుకుంటున్నారు. నేను "కంపు" అని ఒక్క మాటలో కొట్టేసిన కేసులో వాళ్లకు ఇన్ని సెక్షన్లున్నాయి. ఇంత సాహిత్యం నడుస్తుంటే ముక్కు పట్టుకుని నిలబడ్డ న్యాయమూర్తి ఎంత అందంగా ఉంటాడో ఊహించుకోండి. ఆ ఫొటో కూడా ఎవరికీ పంపలేదు.

పక్క బుట్టలోని మాంగోస్టీన్‌ను కొన్ని హోటళ్లు గదుల్లోకి రానివ్వవు. దాని తప్పు వాసన కాదు, దుప్పట్లకు అంటితే వదలని ఊదా రంగు తొక్క. కానీ ఇంత నిజాయితీ గల సాక్షిని నా సర్వీసులో చూడలేదు. కాయ అడుగున పువ్వులాంటి గుర్తులో ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు. కొనేముందే వాంగ్మూలం ఇచ్చేస్తుంది. డ్రాగన్ పండు సంగతి ఎత్తకండి. పైన పటారం, లోన లొటారం.

తీర్పు రాసే భాషలో మాకు వచ్చిన వాక్యం ఒక్కటే: "అచ్చం ఫలానా దానిలా ఉంది." కొత్త రుచి ఏదైనా మనకు తెలిసిన పాత చొక్కా తొడుక్కుని రావాల్సిందే. ఐస్‌లాండ్‌లో హాకార్ల్ అనే పులిసిన సొరచేప మాంసం తిన్నప్పుడు "ఇప్పుడే కడిగిన బాత్రూమ్‌లా" అని రాసుకున్నాను. గ్రీన్‌లాండ్ సొరచేప మాంసం పచ్చిగా తింటే విషం. దాన్ని వారాల తరబడి పులియబెట్టి, నెలల తరబడి వేలాడదీసి తినేలా చేసుకున్నారు. తిండికి గతిలేని చలిలో బతకడానికి అంత ఓపిక పట్టిన జాతికి నేనిచ్చిన గౌరవం, కడిగిన బాత్రూమ్.

ఫిన్లాండ్‌లో పరువు పూర్తిగా పోయింది. అక్కడ సల్మియాక్కి అనే నల్ల మిఠాయి ఉంటుంది. అతిమధురంలో అమోనియం క్లోరైడ్ కలుపుతారు. నోట్లో వేసుకున్నాను. కక్కలేక మింగలేక, చివరికి కాగితం రుమాలు సాయం తీసుకున్నాను. ఎదుటి బల్ల దగ్గర అయిదేళ్ల పిల్ల అదే మిఠాయిని వాళ్లమ్మను అడిగి మరీ తింటోంది. నా వైపు ఒకసారి చూసి మరోటి నోట్లో వేసుకుంది. పైకోర్టు అంటే అదీ.

చదవడం రాని చోట న్యాయమూర్తి మరీ ప్రమాదకరం. జపాన్‌లో ఒక చలికాలం, దాహంతో వీధి యంత్రం దగ్గరికెళ్లి పసుప్పచ్చ బొమ్మ చూసి పండ్లరసం అనుకుని మీట నొక్కాను. ఎర్ర పట్టీ ఉంటే వేడిది, నీలం పట్టీ ఉంటే చల్లనిది అని తర్వాత తెలిసింది. చేయి కాల్చిన ఆ డబ్బాలో ఉన్నది మొక్కజొన్న సూపు. గింజలు కొన్ని అడుగున అంటుకుపోయి ఎంత తలకిందులు చేసినా రాలేదు. "జపాన్ వాళ్లకు పండ్లరసం చెయ్యడం రాదు" అని పుస్తకంలో రాసుకున్నాను. ఆ తీర్పును ఇంతవరకు ఎవరూ సవాలు చెయ్యలేదు.

ఇక అర్జెంటీనా. కొత్త పరిచయస్తులు మాతే అనే ఆకు కషాయం తాగడానికి కూర్చోబెట్టారు. సొరబుర్రలో ఆకు, అందులో లోహపు గొట్టం, మీద వేడినీళ్లు. పోసేది ఒక్కరే. బుర్ర ఒకరి దగ్గరికి వెళ్లి ఖాళీ అయి ఆయన దగ్గరికే తిరిగొస్తుంది, మళ్లీ నింపి తర్వాతి వాళ్లకిస్తారు. నా వంతు వచ్చింది. చేదు. కానీ మర్యాద తెలిసిన వాణ్ణి కాబట్టి ఖాళీ బుర్ర తిరిగిచ్చేటప్పుడు వాళ్ల భాషలో ధన్యవాదాలు చెబుతూ "గ్రాసియాస్" అన్నాను. తర్వాతి చుట్టులో బుర్ర నన్ను దాటి వెళ్లింది. పొరపాటనుకున్నాను. మూడో చుట్టులోనూ దాటింది. చేదు నెమ్మదిగా రుచించడం మొదలైంది కూడా అప్పుడే. జేబులోంచి పుస్తకం తీసి "ఈ దేశంలో అతిథి మర్యాద తక్కువ" అని తీర్పు రాయబోతుంటే పక్కనావిడ చెవిలో చెప్పింది: ఇక్కడ బుర్ర తిరిగిస్తూ "గ్రాసియాస్" అంటే "నాకు చాలు, ఇక వద్దు" అని అర్థం.

సిగ్గుపడి కలం మూశాను. ఆవిడే పోసే ఆయనకు ఏదో సైగ చేసింది. నాలుగో చుట్టులో బుర్ర నా చేతికొచ్చింది. గొట్టం గురగురమనేదాకా పీల్చి, ఆయనకు తిరిగిస్తూ, ఇంత మేలు చేసిన ఆవిడ వైపు తిరిగి నిండు మనసుతో "గ్రాసియాస్" అన్నాను.

అయిదో చుట్టులో బుర్ర నా ముందు నుంచే పక్కకు వెళ్లిపోయింది.