సొలొమోను కొలతలు ఎవరికి దక్కాయి?

బైబిల్లోని రాజుల మొదటి గ్రంథం ఆరో అధ్యాయం చదువుతుంటే మేస్త్రి చేతిలోని చీటీ చూస్తున్నట్టుంటుంది. యెరూషలేములో ఇశ్రాయేలు రాజు సొలొమోను కట్టించిన మందిరం పొడవు 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30. లోపలి గర్భాలయం మాత్రం పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ ఇరవయ్యే. ఎటు తిప్పినా మారని ఆకారం. బైబిల్ చివర ప్రకటన గ్రంథంలో దిగివచ్చే కొత్త యెరూషలేము కూడా అలాంటి ఘనాకార నగరమే.

ఇంత కచ్చితమైన లెక్క చేతిలో ఉన్నా, క్రీ.శ. 70లో రోమన్లు, సొలొమోను మందిరం స్థానంలో లేచిన రెండో మందిరాన్ని కూల్చాక యూదులు ఆ కొలతలతో మరో గుడి కట్టలేదు. మందిరం నమూనాలో ఇల్లు కట్టరాదని యూదుల ధర్మగ్రంథం తాల్ముదు నిషేధించింది. యూదులు ప్రార్థనకు కూడే సమాజ మందిరాలు ఏ ఊరి తీరులో ఆ ఊళ్లో లేచాయి. కొచ్చిలో 1568 నాటి పరదేశి సమాజ మందిరం నేలంతా నీలం, తెలుపు చైనా పలకలే. మారనిది దిక్కు ఒక్కటే, యెరూషలేము వైపు. కొచ్చి నుంచి అది పడమర.

మూర మాత్రం ఇంటి గోడ మీదికి చేరింది. ఆచారం పాటించే ఇంట్లో గుమ్మానికి ఎదురుగా మూరెడు చదరం మేర సున్నం పూయకుండా వదిలేస్తారు. చుట్టూ గోడ నున్నగా ఉంటే ఆ ముక్క మొరటుగా, గరుకుగా కనిపిస్తుంది. కూలిన మందిరానికి గుర్తు అది. యూదుల కట్టడాల్లో ఇంతకంటే బరువైన ప్రతీక నాకు తెలియదు.

రాతిగుడితో పని లేదన్న క్రైస్తవులకే ఆ గుడి కొలతలు కావలసి వచ్చాయి! వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ పొడవు సుమారు 40.9 మీటర్లు, వెడల్పు 13.4, ఎత్తు 20.7. వెడల్పుకు పొడవు మూడింతలు, ఎత్తు ఒకటిన్నర ఇంతలు, సొలొమోను లెక్కే. అంకెలు కలిశాయని నమ్మేయనక్కర్లేదు. టేపు పట్టుకుని వెతికితే ఏ గుడిలోనైనా ఏదో ఒక నిష్పత్తి దొరుకుతుంది. మన మెదక్ చర్చి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. ఒకటికి రెండు అన్న దానిలోంచీ అర్థం లాగేవాళ్లుంటారు. కానీ సిస్టీన్‌లో గోడే సాక్ష్యం చెబుతోంది. క్రీస్తు తన శిష్యుడు పేతురుకు తాళపుచెవులు అందిస్తున్నట్టు చిత్రకారుడు పెరుజినో వేసిన చిత్రంలో, రెండు తోరణాల మీద లాటిన్ అక్షరాలున్నాయి: సంపదలో సొలొమోనుకు సాటి రాకున్నా భక్తిలో అతణ్ని మించావని, చాపెల్ కట్టించిన పోపు నాలుగో సిక్స్‌టస్‌కు పొగడ్త.

ఆ తోరణాల నడుమ యెరూషలేము మందిరాన్నీ చిత్రించాడు పెరుజినో. అది ఎనిమిది మూలల గుమ్మటపు కట్టడం. 60 మూరల ఊసే లేదు. యెరూషలేములో ముస్లింలు కట్టిన ఎనిమిది మూలల గుమ్మటాన్ని చూసి, సొలొమోను మందిరం అదేనని యూరప్ యాత్రికులు చాలాకాలం అనుకున్నారు మరి.