శాలువా సరే, ఆ వెండి బెత్తం ఎందుకండీ?

మొన్న సెప్టెంబర్లో మన చెన్నై తెలుగు సంఘం గురుపూజోత్సవానికి వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రానివాళ్ళు గ్రూపులో ఫోటోలైనా చూసుంటారు. పెద్ద మాస్టారికి శాలువా, దండ, పళ్ళబుట్ట అన్నీ అయ్యాక ఆయన పాత శిష్యులు ఒక పొడుగాటి వెల్వెట్ పెట్టె పట్టుకొచ్చారు, తెరిస్తే లోపల వెండి పిడి వేయించిన పేకబెత్తం. హాలంతా చప్పట్లు, ఈలలు. యాంకరమ్మాయి "మాస్టారూ, ఫోటో కోసం ఒక్కటి తగిలించండి" అనగానే అరవై దాటిన పెద్దమనుషులు లైనుగా చేతులు చాపి నిలబడ్డారు. మాస్టారు మాత్రం దాన్ని పక్కనున్న కార్యదర్శి గారికి ఇచ్చేసి, మైకు తీసుకుని ఛందస్సు గురించి మాట్లాడి కూర్చున్నారు, అది ఎంతమంది గమనించారో తెలీదు.

నాకు గుచ్చుకున్నది అది కాదు. వందన సమర్పణ చేసినాయన ముందు వరసలో ప్రార్థన పాడి కూర్చున్న మన ఆదివారం తెలుగు క్లాసు పిల్లల్ని చూపించి "పాపం, వీళ్ళకి ఆ దెబ్బల భాగ్యం లేదు" అన్నారు. పట్టు లంగాలు వేసుకున్న చిన్నపిల్లలండీ. అందరూ నవ్వారు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా.

మర్నాడు గ్రూపులో చర్చ మొదలు. ఎవరో 2025 మార్చి నాటి ఆ విజయనగరం జిల్లా వీడియో మళ్ళీ పెట్టారు, పిల్లలు మాట వినట్లేదని హెడ్మాస్టరు అసెంబ్లీలో వాళ్ళ ముందే సాష్టాంగపడి గుంజీలు తీసింది. "చూశారా, టీచర్ల చేతులు కట్టేస్తే ఇదీ గతి" అని కింద కామెంట్లు. నాకూ ఆ వీడియో చూడబుద్ధి కాలేదు, ఆ వయసులో ఆయనకెందుకు ఆ కష్టం అనిపించింది, కానీ ఒకటి చూడండి, అంత విసిగిపోయి కూడా ఆ మనిషి చెయ్యి పిల్లల మీదికి పోలేదు.

ఇంకొకాయన ఈ పిల్లల్ని కొట్టకూడదనడమంతా అమెరికా నుంచి దిగుమతైన ఫ్యాషన్ అన్నారు. అసలు అమెరికాలో బళ్ళో కొట్టడం రాజ్యాంగ విరుద్ధం కాదని 1977లో వాళ్ళ సుప్రీంకోర్టే చెప్పింది, కొన్ని రాష్ట్రాల్లో ఈరోజుకీ అది చట్టబద్ధమే. వద్దన్నది మనవాళ్ళే. బళ్ళో కొట్టొచ్చన్న రూలుని ఢిల్లీ హైకోర్టు 2000లో రద్దు చేసింది, ఆంధ్రప్రదేశ్ 2002లో, మనం ఉంటున్న ఈ తమిళనాడు 2003లో రూల్సు మార్చాయి, తర్వాత 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్లో ఒంటి మీద దెబ్బే కాదు, మనసుకి తగిలే హింస కూడా కూడదని రాశారు. అయినా 2024లో మద్రాసు హైకోర్టు ఇదే ముక్క విద్యాశాఖకి మళ్ళీ చెప్పాల్సొచ్చిందంటే కాగితం మీది మాట క్లాసురూము దాకా ఎంత నెమ్మదిగా వస్తుందో చూడండి.

సరే, చట్టాల సంగతి పక్కన పెట్టి మా బడి సంగతి చెప్తా. మాది గూడూరు దగ్గర పల్లె. మా లెక్కల సారు బెత్తం పెద్దగా వాడేవాడు కాదు, ఆయన పద్ధతి వేరు. ఎక్కం అడుగుతాడు, చెప్పలేనివాడు నిలబడే ఉంటాడు, చెప్పినవాడు వాడి దగ్గరికెళ్ళి ఎడం చేత్తో ముక్కు పట్టుకుని కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. మెల్లిగా కొట్టామా, "అట్టా కాదురా, ఇట్టా" అని మన చెంప మీదే చూపించేవాడు. నాకు ఎక్కాలొచ్చు. నా పక్కన కూర్చునేవాడికి రావు, అంటే బళ్ళో రావు, వాళ్ళ నాయనతో సంతకి పోయినప్పుడు జీవాల బేరంలో ఎంతకి కొంటే ఎంత మిగులుద్దో నోటితోనే తేల్చేసేవాడు. పదమూడో ఎక్కం రోజు వాడి ముక్కు చెమటకి జారిపోతుంటే నేను మళ్ళీ మళ్ళీ పట్టుకోవడం, సారు "ఊఁ, కానీ" అనడం, ఆడపిల్లల వైపు నుంచి నవ్వు, అన్నీ నాకు గుర్తే. వాడు పదో తరగతి దాకా రాలేదు. ఇప్పుడు గూడూరులో లారీల షెడ్డు నడుపుతున్నాడు, బాగానే ఉన్నాడు. మొన్న పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి రారా అని ఫోన్ చేస్తే "ఆ బడికి నేనెందుకొస్తాన్లే, నువ్వు ఫోటోలు పంపు" అన్నాడు.

అందుకే "మేం దెబ్బలు తిన్నాం కాబట్టే ఇంతవాళ్ళమయ్యాం" అని స్టేజీ మీద ఎవరన్నా అంటే నా కళ్ళు హాలంతా వెతుకుతాయి. ఆ మాట అనడానికి మిగిలింది చదువు ఆగనివాళ్ళే. దెబ్బకి భయపడి బడి ఎగ్గొట్టి మామిడితోటల్లో కూర్చున్నవాళ్ళు, చివరికి మానేసినవాళ్ళు మన సభలకి రారు, వాళ్ళకి మనం ఇన్విటేషన్ కూడా పంపం. 2007లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సర్వేలో ప్రతి ముగ్గురు బడిపిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు, ఆ ముగ్గురిలో ఇద్దరూ బ్యాంకు మేనేజర్లయితే దేశం ఎక్కడికో పోయుండేది కదా.

అట్లాగని మా సారు దుర్మార్గుడని నేను అనలేను. పబ్లిక్ పరీక్షల ముందు ఆయన వరండాలోనే మా పడక, పెట్రోమాక్స్ వెలుగులో చదువు, తెల్లారుజామున ఆయన భార్య అందరికీ ఉప్మా వండిపెట్టేది, పైసా తీసుకోలేదు. ఎవడికన్నా జ్వరమొస్తే సైకిలేసుకుని ఇంటికొచ్చేవాడు. ఒక్క గదిలో అంతమందిని కూర్చోబెట్టి ఒక్క మనిషిని పాఠం చెప్పమంటే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పుడు చట్టంలో ప్రైమరీలో ముప్పై మందికి ఒక టీచరు అని ఉంది, అది అమలు చేయించమని అడగండి, నేనూ సంతకం పెడతా. ఇవాళ టీచరు గట్టిగా కసిరినా గేటు దగ్గరికి ఫోన్ కెమెరాతో వచ్చే పేరెంట్లున్నారు, అదీ నిజమే. కానీ మా సారు గురించి మా ఊళ్ళో ఈనాటికీ చెప్పుకునేది ఆ వరండా గురించి, ఆ ఉప్మా గురించి.

ఇంతకీ నా బాధ మన ఆదివారం క్లాసు గురించి. 2006 చట్టం తర్వాత ఇక్కడి బళ్ళలో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరైంది, మన పిల్లల్లో చాలామందికి తెలుగు ఆ వారానికో పూట క్లాసులోనే. పెరంబూరు నుంచి, అంబత్తూరు నుంచి సెలవు రోజు నిద్ర మానుకుని వస్తున్నారు. మార్కులు లేవు, పరీక్ష లేదు, ఇష్టం ఒక్కటే. అడ్మిషన్ రోజున తండ్రులు "మావాడు వినకపోతే రెండు తగిలించండి సార్, మేమేం అనుకోం" అని నవ్వుతూ చెప్పి వెళ్తుంటారు. పాఠం చెప్పేవాళ్ళు మనలాంటి వాలంటీర్లే, ట్రైనింగ్ అంటూ ఏమీ లేదు, ఒకరోజు ఒకావిడ "ళ" పలకలేదని పిల్లాడి చెవి మెలిపెట్టడం నేను కిటికీలోంచి చూశాను. వాడు మళ్ళీ రాలేదు, ఇంట్లో క్రికెట్ కోచింగ్ అని చెప్పారట.

దయచేసి అడ్మిషన్ ఫారంలో ఒక్క లైను చేర్చండి, ఇక్కడ పిల్లల్ని కొట్టం, అందరిముందూ పరువు తీయం, తల్లిదండ్రులు కొట్టమన్నా కొట్టం అని. వాలంటీర్లకి ఒక పూట ఎవరైనా అనుభవమున్న టీచరమ్మని పిలిచి, అల్లరి పిల్లాడితో ఏం చెయ్యాలో చెప్పించండి. మెమెంటోలు కూడా కొంచెం చూసి ఇవ్వండి. సంక్రాంతి తర్వాత జరిగే జనరల్ బాడీలో ఈ విషయం ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారికి లెటరిచ్చాను. కాదనేవాళ్ళు అక్కడికొచ్చి కాదనండి, గ్రూపులో ఫార్వర్డులు పెట్టి కాదు.